మెడమీద నొప్పిలేని బిళ్ళ

పార్వతీపురం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళ పెద్దబ్బాయికి పదమూడేళ్ళు. చెవికింద, దవడ వెనకగా ఉసిరికాయంత బిళ్ళ కట్టింది. నెల దాటింది. నొప్పి లేదు, జ్వరం లేదు, పిల్లవాడు బడికి వెళుతున్నాడు, ఆడుకుంటున్నాడు. "నొప్పి లేదు కనుక భయం లేదని ఇంట్లో అందరూ అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగారు.

ఆమెకు ఆ రోజే విడిగా జవాబు రాశాను, పిల్లవాణ్ణి వెంటనే ఎవరికైనా చూపించమని. పత్రికలో అచ్చయ్యేదాకా ఆగవలసిన ఉత్తరం కాదది. కాని ఆ నొప్పి మాట నన్ను వదిలిపెట్టలేదు. ఎందుకంటే "నొప్పి లేదుగా, భయపడకు" అని ఒకప్పుడు నేనే ఒక తల్లితో అన్నాను. ఆ సంగతి ఎన్నాళ్ళ నుంచో రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. తన పొరపాటు తానే రాసుకోవడం ఎవరికీ అంత సులభం కాదు కదా!

విజయనగరంలో చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తూ ముప్పయ్యేళ్ళు దాటాయి నాకు. 2014 వానకాలంలో రాజాం అవతలి పల్లెనుంచి ఒక తల్లి కొడుకును తీసుకుని వచ్చింది. వాడికి పదిహేనేళ్ళు. మెడకు ఎడమవైపున బిళ్ళ. ఆమె నోరు తెరిచి మాట్లాడగానే నా చూపు వాడి మెడమీదనుంచి ఆమె అంగిలి మీదకు పోయింది. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రచుక్కలు. అడ్డపొగ తాగే అలవాటున్నదని వేరే చెప్పనక్కరలేదు.

మన జిల్లాలవారికి అడ్డపొగ గురించి చెప్పడమంటే అమ్మమ్మకు దగ్గు నేర్పినట్లే. దూరప్రాంతపు పాఠకుల కోసం ఒక్కమాట. చుట్టను వెలిగించి, వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా వుండడానికి మొదలైందని కొందరు, పొలంలో పనిచేసే ఆడవాళ్ళకు చేతులు ఖాళీగా వుంటాయని కొందరు అంటారు. కారణం ఏదైనా, నిప్పు వేడి, పొగ రెండూ అంగిలికే తగులుతాయి. కోపెన్‌హాగెన్ నుంచి పిండ్‌బోర్గ్ అనే దంతవైద్య పండితుడు, బొంబాయి టాటా పరిశోధన సంస్థనుంచి డాక్టర్ ఫలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, 1971లో ఆ ఫలితాలు ప్రకటించారు. అప్పట్లో వాళ్ళు చూసినవారిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగవాళ్ళే. అంగిలిమీద కేన్సరు అనగానే ప్రపంచంలోని వైద్యగ్రంథాలన్నీ మన శ్రీకాకుళాన్ని తలుచుకుంటాయి. గర్వించవలసిన కీర్తి కాదు గాని, నిజం.

అందుచేత నేను ఆ తల్లిని కూర్చోబెట్టి చుట్ట మానమని పావుగంట ఉపన్యాసం చెప్పాను. కొడుకు మెడ తడిమి చూసి, "గొంతులో చీము పట్టివుంటుంది, నొప్పి లేదుగా, భయపడకు" అని వారంరోజులకు మాత్రలు రాసి పంపాను. పదిహేను రోజుల తరువాత మళ్ళీ వచ్చారు. బిళ్ళ తగ్గలేదు. మన దేశంలో పిల్లల మెడమీద బిళ్ళ తగ్గకపోతే వైద్యుడి మనస్సు తిన్నగా క్షయ మీదకు పోతుంది. పాతవాళ్ళు గండమాల అనేవారే, అది. సూదిపరీక్ష చేయించుకు రమ్మన్నాను గాని, పనుల రోజులని, డబ్బులు లేవని వాళ్ళు వెనకాడితే నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. క్షయ మందులు మొదలుపెట్టించాను. ముక్క తీసి చూడకుండా, పరీక్ష అన్నది లేకుండా, నా అనుభవం మీద నాకున్న నమ్మకంతో. అక్కడ పోయినవి రెండున్నర నెలలు.

మూడోసారి వచ్చినప్పుడు బిళ్ళ నిమ్మకాయంత అయింది. రెండో పక్క కూడా చిన్నది తేలింది. అప్పుడు తల్లి మరో రెండు సంగతులు చెప్పింది. ఎడమచెవి నెలరోజులుగా మూసుకుపోయినట్లుందట, పిలిస్తే పలకడట. పొద్దున్నే ముక్కు చీదితే చీమిడితో నెత్తుటి చార వస్తోందట. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "మీరు మెడ గురించే అడిగినారు బాబూ" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ మీకు ఒక చోటు పరిచయం చెయ్యాలి. అంగిలిని ఒక మేడ నేల అనుకోండి. దానికింద నోరు, పైన ముక్కు. ముక్కు రంధ్రాలు రెండూ వెనక్కు పోయి పోయి ఒక చిన్న గదిలోకి తెరుచుకుంటాయి. పుర్రె అడుగుభాగం దానికి కప్పు. కొండనాలుక దానికి వాకిలి. శాస్త్రంలో నాసాగ్రసని అంటారు. మనం ముక్కు వెనక గది అనుకుందాం. నోరు ఎంత తెరిపించినా అది కనబడదు, ముక్కులోకి టార్చి వేసినా కనబడదు. ఆ గదికి రెండు పక్కలా మధ్యచెవికి గాలి చేరవేసే గొట్టాల మూతులు వుంటాయి. మూతి వెనకనే ఒక మూల గుంట వున్నది. రోజన్‌ముల్లర్ అనే జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు దానికి. నేను చెప్పే కేన్సరు చాలామందిలో ఆ గుంటలోనే పుడుతుంది. అక్కడ శనగగింజంత పెరిగినా చెవిగొట్టం మూసుకుపోవచ్చు. చెవి దిబ్బడ వేస్తుంది. ఆ చోటునుంచి మెడ బిళ్ళలకు దారి చాలా దగ్గర. అందుకే గదిలో వున్న దొంగ కనబడకముందే మెడమీద వాడి అడుగుజాడ కనబడుతుంది. ఇంకా ముదిరితే తలనొప్పి, ఒకటి రెండుగా కనబడడం, ముఖంలో తిమ్మిరి వస్తాయి. ఆ నరాలన్నీ పైకప్పులోనుంచే పోతాయి మరి.

సన్నని కెమెరా గొట్టం ముక్కులోంచి పంపి చూశాను. వుంది. ఎడమ మూలలో, కాలీఫ్లవరు ముక్కలాగా.

ముక్క తీయాలన్నాను. వెంటవచ్చిన మేనమామ ఒప్పుకోలేదు. ముక్క తీస్తే రోగం రెచ్చిపోయి ఒళ్ళంతా పాకుతుందని వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసట. ఈ మాట నేను వెయ్యిసార్లు విన్నాను. ముక్క తీసిన తరువాత మనిషి పోయినది చూశారు గనుక ముక్కే చంపిందనుకుంటారు. ఆ మనిషి ముక్క తీయించుకోవడానికి ఎంత ఆలస్యంగా వచ్చాడో ఎవరూ లెక్కవెయ్యరు. ముక్క పరీక్ష వల్ల ఈ కేన్సరు పాకదు. ముక్క పరీక్ష లేకుండా దీనికి మందు మొదలుపెట్టే వైద్యుడు వుండకూడదు. క్షయ మందులు మొదలుపెట్టిన వాణ్ణి నేనే కనుక ఈ వాక్యం రాసే హక్కు నాకెంతవున్నదో మీరే చెప్పాలి.

వారం తిరక్కుండా రిపోర్టు వచ్చింది. తల్లికి చెప్పవలసివచ్చింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "ఆడు సుట్ట ముట్టనేదు బాబూ. ముట్టినది నాను. రోగం ఆడికెందుకొచ్చినాది?"

నేను పావుగంట చెప్పిన ఉపన్యాసం ఆమె ఎంత శ్రద్ధగా విన్నదో అప్పుడు తెలిసింది నాకు.

కాదమ్మా, నీ చుట్ట పొగవల్ల వాడికి వచ్చింది కాదు ఇది అని ఆమెకు ఎన్ని విధాల చెప్పానో. మీకూ చెబుతాను. పొగాకు, సారా పెద్దవాళ్ళలో కొంత పాత్ర వహిస్తే వహించవచ్చు. పిల్లల్లో వచ్చే రకానికి ముఖ్యమైన తోడు ఒక వైరస్. 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు లండనులో ఆఫ్రికా పిల్లల దవడ గడ్డల కణాల్లో దాన్ని కనిపెట్టారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని పేరు నిలిచిపోయింది, పాపం అచాంగ్ పేరు రాలిపోయింది. ఆ వైరస్ మీలో, నాలో, మన పిల్లలందరిలోనూ దాదాపు వున్నట్లే. ఎంగిలి ద్వారా చిన్నతనంలోనే వచ్చి, ఏదో చిన్న జ్వరంగా పోయి, జన్మంతా నిద్రపోతుంది. ఏ వెయ్యిమందిలో, లక్షమందిలో ఒకరికి మాత్రం, వంశపు గుణమో మరేదో కలిసివచ్చి, ఆ మూలగుంటలో కణాలు గాడితప్పుతాయి. కనుక ఇది అంటురోగం కాదు. రోగి కంచంలో తిన్నా, పక్కలో పడుకున్నా ఎవరికీ రాదు.

దక్షిణ చైనాలో, కాంటన్ ప్రాంతంలో ఇది చాలా ఎక్కువ. మన దేశంలో నాగాలాండులో ఎక్కువ. మనవైపు అరుదే. అయితే ఒక వింత వున్నది. చైనాలో నడివయస్సువాళ్ళకు వస్తే, అంతగా రాని మనబోటి దేశాల్లో నడివయస్సుతోపాటు పదేళ్ళకూ ఇరవయ్యేళ్ళకూ మధ్య కూడా ఒక చిన్న మెరక కనబడుతుంది. అందుకే పిల్లవాడు కదా, వీడికేమిటి కేన్సరు అనుకోవడానికి వీల్లేదు.

కాంటన్ వాళ్ళు పసిపిల్లలకు అన్నంలో కలిపి పెట్టే ఒక రకం ఉప్పుచేపను అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థవారు 1993లో కేన్సరు కారకాల పట్టీలో చేర్చారు. ఇది చదివి భీమునిపట్నంలో, కళింగపట్నంలో ఎండుచేపల బుట్టలు పారబోయకండి. వాళ్ళది ఉప్పు వెయ్యకముందే మెత్తబడనిచ్చి చేసేది. ఇతర ఉప్పుచేపల విషయంలో తేల్చి చెప్పే ఆధారాలు లేవని ఆ సంస్థవారే అన్నారు.

ఇక వైద్యం. "ఆపరేషన్ చేసి తీసెయ్యరా బాబూ?" అని మొదటి ప్రశ్న అందరూ వేస్తారు. ఆ చోట కత్తికి చోటు లేదు. పుర్రె అడుగు, మెదడుకు పోయే పెద్ద రక్తనాళాలు, కంటి నరాలు. అయితే భగవంతుడు ఒక తలుపు మూస్తూ మరొకటి తెరిచాడు. పిల్లల్లో వచ్చే ఈ రకం కిరణాలకు, మందులకు బాగా లొంగుతుంది. సాధారణంగా మూడు వారాలకొకసారి చొప్పున మూడు విడతలు కీమో మందులు, ముఖ్యంగా సిస్‌ప్లాటిన్. ఆ పైన కిరణాలు, మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అంటారు. వారానికి అయిదు రోజులు, ఆరేడు వారాలు. ఆ కాలంలో కూడా మధ్యమధ్య సిస్‌ప్లాటిన్ ఎక్కిస్తారు. ముఖానికి ఒక ప్లాస్టిక్ ముసుగు పోతపోసి, దాన్ని బల్లకు బిగించి, రోజూ అదే చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా కిరణం పడేటట్లు చూస్తారు.

బతుకుతారా అన్నది రెండో ప్రశ్న. ఒట్టి కిరణాలు మాత్రమే వున్న రోజుల్లో పిల్లల్లో సుమారు సగంమంది నిలిచేవారు. కీమో కలిసిన తరువాత లెక్క మారిపోయింది. అమెరికాలో 2006 నుంచి 2012 వరకు 111 మంది పిల్లలను, పడుచువాళ్ళను చేర్చుకుని ఒక పద్ధతి ప్రకారం వైద్యంచేశారు. చాలామందికి రోగం ముదిరిన తరువాతనే తెలిసింది. అయినా అయిదేళ్ళ తరువాత నూటికి 89 మంది బతికివున్నారు. కీమోకు బాగా లొంగినవారికి కిరణాల మోతాదు తగ్గించి కూడా ఆ ఫలితం సాధించారు. జర్మనీవారి ఫలితాలూ ఇంచుమించు అంత బాగానే వున్నాయి. మెడమీదకు పాకిన కేన్సరులో ఇంత మంచి లెక్క వినడం అరుదు. కాని ఈ లెక్కలో ఒక మెలిక వుంది. అది వైద్యం మొదటినుంచి చివరిదాకా జరిపించుకున్నవాళ్ళ లెక్క.

మెలిక ఎందుకన్నానంటే, మా కుర్రవాడితోపాటు అదే వార్డులో టెక్కలి వైపునుంచి వచ్చిన మరో పిల్లవాడు వుండేవాడట. మావాడే తరువాత చెప్పాడు. రెండు విడతల కీమో అయ్యేసరికి మెడబిళ్ళ మంచు కరిగినట్లు కరిగిపోయింది. ఇంట్లోవాళ్ళు సంతోషించి, దిష్టితీసి, ఊరికి తీసుకుపోయారు. కిరణాలకు తిరిగి రాలేదు. బిళ్ళ పోయింది గదా, ఇంకా కరెంటు దేనికి, పిల్లవాడి ముఖం మాడిపోతుందని ఎవరో అన్నారట. ఎనిమిది నెలల తరువాత ఎముకల్లోకి పాకి వచ్చాడు. కనబడే బిళ్ళ పోవడం వేరు, కనబడని కణాలు పోవడం వేరు. ఈ సంగతి ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఆ తండ్రిని కూర్చోబెట్టి తీరికగా చెప్పివుంటే బాగుండేది. చెప్పే వుంటారు కూడా. వినే స్థితిలో వున్నాడా అన్నది వేరే సంగతి.

మావాడికీ ఆ పరీక్ష రాకపోలేదు. కిరణాలు మొదలైన మూడోవారానికి నోరంతా పుళ్ళు. నీళ్ళు మింగితే నిప్పులు మింగినట్లుండేదట. పది కిలోలు తగ్గాడు. ముక్కులోంచి గొట్టం వేసి చోడిజావ, పాలు, గుడ్డు కలిపి పోసేవారు. మేనమామ తీసుకుపోతానని వచ్చాడు. తల్లి ఒప్పుకోలేదు. విశాఖలో ఆసుపత్రి వెనక ఒక గదిలో అద్దెకు వుండి, పగలు పాచిపనికి పోతూ, ఏడు వారాలూ గడిపింది. చుట్ట మానేసింది కూడా. నా ఉపన్యాసానికి కాదు. కొడుకు నోటిపుండ్లు చూసి, పొగ వాసన వాడికి పడడంలేదని.

డబ్బు సంగతి అడుగుతారు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొట్టమొదట ఆరంభించిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. పేరు మారుతూ వచ్చి ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అంటున్నారు. కీమో, కిరణాలు అందులో వుండబట్టే వాళ్ళ రెండెకరాలు మిగిలాయి. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి సంగతి మీకు తెలిసిందే. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి కూడా ఇప్పుడు అగనంపూడిలో వున్నది. పూర్వం బొంబాయి, మద్రాసు రైళ్ళెక్కవలసిన వైద్యానికి ఇప్పుడు ఆమదాలవలసలో పొద్దున్న బండి ఎక్కితే చాలు. అయితే పథకం కార్డుమీద రానివి కొన్ని వుంటాయి. గది అద్దె, పాలు, గుడ్లు, పోయిన కూలి. వైద్యం మధ్యలో మానేసేవాళ్ళలో చాలామంది మానేది వీటి దగ్గరే.

వైద్యం మొదలుపెట్టబోయే ఇంటివాళ్ళు కొన్ని సంగతులు ముందే అడగాలి. పళ్ళు ముందుగా చూపించి, పుచ్చినవి బాగుచేయించుకోవాలి. కిరణాల తరువాత లాలాజలం తగ్గి పళ్ళు త్వరగా పాడవుతాయి. అప్పుడు పన్ను పీకితే దవడ ఎముక మానడం కష్టం. సిస్‌ప్లాటిన్ చెవిని, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు గనుక వినికిడి పరీక్ష మొదట ఒకసారి, మధ్యమధ్య మళ్ళీ చేయించాలి. నోరు తెరిచే కసరత్తు మొదటివారం నుంచే మొదలుపెట్టాలి. ఐస్‌క్రీము పుల్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి పళ్ళమధ్య ఇరికించుకుని సాగదీయడం. చూడడానికి పిల్లలాటలా వుంటుంది. అది మానినవాళ్ళకు దవడలు బిగిసి, ఇడ్లీముక్క పట్టనంత అయిన సందర్భాలు చూశాను. తరువాత ఏళ్ళతరబడి థైరాయిడ్ పరీక్ష, ఎదిగే పిల్లలకు ఎత్తు కొలత తప్పవు. మొదటి రెండు మూడేళ్ళు రోగం తిరిగివస్తుందేమోనని దగ్గరదగ్గరగా చూస్తారు. తరువాత ఎడం పెరుగుతుంది. రావడం మాత్రం మానకూడదు.

ఇంతా చదివి, బిళ్ళ కట్టిన ప్రతి పిల్లవాడికీ కేన్సరే అనుకుని ఏ తల్లీ రాత్రంతా కూర్చోకూడదు. పిల్లల మెడబిళ్ళల్లో చాలాభాగం గొంతునొప్పి, పిప్పిపన్ను, తలలో కురుపుల వల్ల వచ్చేవే. రెండు మూడు వారాల్లో అణగిపోతాయి. అణగకుండా పెరుగుతున్నా, గట్టిగా రాయిలా వున్నా, ఒకపక్క చెవి మూసుకుపోయినా, ముక్కులో నెత్తుటి చార కనబడినా, ఊరుకోకండి. వైద్యుడు మెడ గురించి మాత్రమే అడిగితే, మీరే చెవి, ముక్కు సంగతి ఎత్తండి. క్షయ మందులన్నా సరే, "ముక్క పరీక్ష అయిందా, డాక్టరుగారూ?" అని అడగండి. ఆయనకు కోపం వస్తే రానివ్వండి. నాకు ఆ తల్లి అడిగివుంటే కోపం వచ్చేదేమో. రెండున్నర నెలలు మిగిలేవి.

వాడికిప్పుడు పాతికేళ్ళు దాటాయి. చీపురుపల్లిలో మోటారుసైకిళ్ళు బాగుచేస్తాడు. పోయిన నెల వచ్చాడు. చేతిలో నీళ్ళ సీసా, ఎప్పుడూ వుంటుంది, నాలుగు మాటలకొక గుక్క. ఎడమచెవి సరిగా వినబడదు కనుక నాకు కుడివైపుకు తిరిగి కూర్చున్నాడు. పెళ్ళి సంబంధం వచ్చిందట. అమ్మాయి తరఫువాళ్ళకు రోగం సంగతి చెప్పాలా వద్దా అని అడిగాడు.

"నువ్వేమనుకుంటున్నావురా?" అన్నాను.

"సెప్పీసినాను బాబూ. ఆళ్ళు మిమ్మల్ని అడగడానికి వొస్తారు. మీకు ముందుగా సెప్పడానికొచ్చినాను."

థైరాయిడ్ పరీక్ష ఈ సంవత్సరం చేయించావా అంటే తలవంచుకున్నాడు. చీటీ రాసి ఇచ్చాను. తల్లి బయట వరండాలో కూర్చునివుంటే లోపలికి పిలిచి, దీపం వేసి, ఆమె అంగిలి కూడా చూశాను. తెలుపు చాలావరకు తగ్గింది.